గృహకృత్యములు: లప్పములో చిటికెడు జాజు



గత మాసమున ఊరగాయ జాడీలను గూర్చి వ్రాయుచు, వానలు వెనుకబట్టిన పిదప గోడల సంగతి ముచ్చటింతుమని మాట యిచ్చియుంటిమి. దసరా దగ్గఱపడినది. ఇల్లాండ్రందఱును బూజులు దులిపించుచు, సున్నములకును రంగులకును మేస్త్రీలను పిలిపించు సన్నాహములో నుందురు. ఈ మాసము మేము చెప్పదలచినది చాల చిన్న విషయము. గోడకు పడిన గుంటలను, పగుళ్ళను పూడ్చు లప్పములో చిటికెడు రంగు కలుపుట. అంతియే. ఇంతమాత్రమునకు పత్రికలో ఇన్ని పుటలు కావలెనా యని మా యింటివారు నవ్విరి. వారు బడిలో పిల్లలకు పాఠము చెప్పువారు గనుక ఏ విషయమునైనను రెండు వాక్యములలో ముగింపవలెనందురు. అయినను మేము వ్రాయక మానలేదు. ఏలయన ఈ చిటికెడు రంగే మా యింట ఒకరి మంచమును ముప్పది యేండ్లుగా నున్న చోటినుండి కదలించినది.

మేముండునది బేగం బజారులో ఒక పాత యింటి వెనుక వాటా. ముందువైపు క్రింది భాగమంతయు దుకాణములు. ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు స్టీలు గిన్నెల చప్పుడు, మూటలు మోయువారి కేకలు, బండ్ల రాకపోకలు. వెనుకకు వచ్చినచో ఆ సందడి సగమగును. గోడలు రాయి, ఇటుక, సున్నములతో కట్టినవి, మూరెడు మందముండును. పైపూత పాతకాలపు గచ్చు. మన నగరములోని పూర్వపు మేస్త్రీలు సున్నములో సన్నని ఇసుకతోబాటు బెల్లపునీరు, కరక్కాయ కషాయము, నానిన మినుముల జిగురు, కోడిగ్రుడ్డు తెల్లసొన మొదలగునవి చేర్చి నూరెడివారు. 1591లో కట్టిన చార్మినారు మీది అలంకారములు కూడ సున్నపు గచ్చు పనియే. మా యింటి గోడకంతటి వైభవము లేదు గాని, జాతి యొక్కటే. దానిమీద ఎవరెవరో ఎప్పుడెప్పుడో డిస్టెంపరు పూసిరి, అక్కడక్కడ సిమెంటు మెత్తిరి, పిమ్మట ప్లాస్టిక్కు రంగు వేసిరి. గీరి చూచినచో ఉల్లిపాయవలె పొర వెనుక పొర వచ్చును.

నిరుటి మాట. దీపావళికి ముందు వంటయింటి ప్రక్క గదికి రంగు వేయించితిమి. మేకులు పీకిన రంధ్రములు, బీరువా అంచు తగిలి లేచిన పెచ్చులు, తీగెలు మార్చినప్పుడు కొట్టిన గాళ్ళు, అన్నియు కలిసి నలువది వఱకుండెను. మేస్త్రి తెల్లని గోడమీద తెల్లని లప్పము పెట్టెను. ఎండిన పిదప ఉప్పుకాగితముతో రుద్దెను. పగటి వెలుతురులో చూచితిమి, గోడ పాలమీగడవలె నున్నది. సంతోషించి కూలి యిచ్చి పంపితిమి. దీపావళినాటి రాత్రి అదే గోడ వెంబడి నేలమీద ప్రమిదలు వరుసగా పెట్టి తలయెత్తి చూతుము గదా, గోడనిండ మశూచి మచ్చలు! దీపపు వెలుగు ప్రక్కనుండి పడుటచే ఒక్కొక్క మాటునకు ఒక ప్రక్క మెఱుపు, ఒక ప్రక్క నీడ యేర్పడినవి. ఆఱు రంధ్రములు అసలు పూడనేలేదు. కొన్ని చోట్ల రంగు వెలిసినట్లు మ్రానై యున్నది.

మేస్త్రి పనివాడు కాడని మేము అనము. అతడు నిజాయితీగలవాడే. తెల్లని దానిపై తెల్లనిది పెట్టినప్పుడు ఎంతటి కంటికైనను మూడు సంగతులు తెలియవు. పూడ్చినదేది, పూడ్చనిదేది యనునది మొదటిది. లప్పము ఎంతవఱకు పాకినది, ఎక్కడ రుద్దవలెను అనునది రెండవది. మూడవది చాలమందికి తెలియనిది: లప్పము పెట్టిన చోటు చుట్టునున్న పాత రంగుకంటె దాహముగలది. అది రంగులోని జిగురును త్రాగివేయును. అందుచే అక్కడ మెఱుగు చచ్చి మచ్చ కనబడును. ఆ చోట్లకు మాత్రము ముందుగా ఒక చేయి ప్రైమరు వేసినచో ఈ దోషముండదు. కాని ఆ చోట్లెక్కడివో కనబడినగదా వేయుట!

ఇందులకు మందు మన కుట్టుపెట్టెలోనే యున్నది. తెల్లని జాకెట్టునకు కొలత చూచుటకై కచ్చాకుట్టు వేయునప్పుడు తెల్లదారమును వాడుదుమా? ఎఱ్ఱనిదో నీలిదో వాడుదుము. పక్కా కుట్టు వేసిన తరువాత దానిని ఏరి లాగివేయవలెను గనుక కంటి కగపడవలెను. ఓడలకును ఇనుప వంతెనలకును రంగులు వేయువారు ఒక పూతకును మఱియొక పూతకును వర్ణభేదముంచుటయు ఇందులకే. క్రింది రంగు తొంగిచూచిన చోట పై పూత తప్పినదని తెలియును. దంతవైద్యులు పిల్లల దవడపండ్ల గాళ్ళను మూసివేయు లేపమునకు కొన్నిసార్లు రంగు చేర్తురు. మరుసటి యేట నోరు తెఱిపించినప్పుడు లేపము నిలిచినదో ఊడినదో ఒక్క చూపులో తెలియునట.

ఇక వస్తువుల మాట. లప్పమనగా రంగు మేస్త్రీల మాట. దుకాణములో పుట్టీ యందురు. పూర్వము సుద్దపొడిని అవిసెనూనెతో మర్దించి చేసెడివారు. కిటికీ అద్దములు బిగించుటకు ఆ నూనె లప్పము ఇప్పటికిని వాడుకలో నున్నది. గోడలకు నేడెక్కువగా వాడునది తెల్లసిమెంటుతో చేసిన పొడి, సంచులలో వచ్చును. కిలో పొడికి సుమారు 360 మొదలు 380 మిల్లీలీటర్ల నీరు పట్టును. కలిపిన ముద్దను రెండు మూడు గంటలలో వాడివేయవలెను. గట్టిపడినదానికి మరల నీరు పోసి మెత్తచేసి వాడినచో అది గోడను పట్టదు. పిండి కలిపినట్లే ముందుగా కొంచెము కలిపి, చాలనిచో మరల కలుపుకొనుట మేలు.

రంగు కొఱకు మేము వీథిలోని రంగుల దుకాణమునకు పోయితిమి. మన బజారులో వెదకినచో దొరకని వస్తువు లేదు. వెదకు ఓపికయే దొరకదు. “గేరు దేనికమ్మా, తులసికోటకా, కడపకా?” అని సేటు అడిగెను. లప్పములో కలుపుటకనగా అతడు మా ముఖమువంక చూచి, “తెల్లదాన్ని ఎఱ్ఱగ జేసి మళ్ల తెల్లరంగేస్తరా?” అనెను. అంతయు విన్న పిదప తానే లోపలికి పోయి ఇనుప ఆక్సైడు ఎఱుపు, పసుపు పొడులును, నీలిమందు ముద్దయు తెచ్చి, వెల చెప్పకయే ఒక్కొక్క చిటికెడు కాగితములో కట్టి యిచ్చెను. గేరనునది కోస్తా జిల్లాల సోదరీమణులు కావి యనునదియే. మా అత్తగారు జాజు అందురు. కడపలకు, అరుగులకు జాజు పూసి ముగ్గు వేయుట తెలంగాణపు ఇండ్లలో ఎఱుగనివారు లేరు. అది మన్నే, దానికి ఎఱుపు నిచ్చునది ఇనుప తుప్పు. కనుకనే ఎండకు వెలియదు, సున్నమునకు మారదు, నీటిలో కరగదు. మన పనికి కావలసిన మూడు గుణములును ఇవియే.

ఒక పాత పలకమీద ఆయా రంగులతో కలిపిన లప్పమును కాసుల పరిమాణమున పెట్టి పది దినములు చూచితిమి. జాజు పెట్టినది లేత గులాబివన్నె దేరి అట్లే నిలిచినది. ముద్దగా దొరకు పాతకాలపు నీలిమందును మెత్తగా నూరి కలిపినది మబ్బువన్నె దేరినది. అదియు సున్నమునకు తాళునదే. సీసాలలో అమ్ము ద్రవపు నీలము మాత్రము పనికిరాదు. అది నీటిలో కరగు అద్దకపు రంగు. పైన వేసిన తెల్లరంగులోనికి ఊరి మచ్చయై బయటపడును. కుంకుమ, ముగ్గుల రంగులు, హోలీ రంగులు, కలము సిరా అన్నియు ఈ కోవలోనివే. ఒక సోదరి సిరా కలిపి మూడు చేతులు రంగు వేసినను మచ్చలు పోలేదని మాకు జాబు వ్రాసినది. ప్రషియను నీలమని మఱియొకటి యున్నది, అది సున్నపు ఘాటునకు చెడిపోవును.

పసుపు సంగతి వేఱు, అది ముచ్చటైనది. వంటయింటి పసుపును తెల్లసిమెంటు లప్పములో కలిపినంతనే ముద్ద ఎఱ్ఱబడినది. మనకందులో వింత యేమున్నది? పసుపులో సున్నము చేరిన పారాణి యగుననియు, దిష్టి నీళ్ళు ఎఱ్ఱనగుననియు పుట్టినది మొదలు చూచుచున్నదే గదా. తెల్లసిమెంటులోను సున్నపు ఘాటున్నది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సున్నము సుద్దగా మారుకొలది ఆ ఘాటు తగ్గును. ఎఱుపు వెనుదీసి మరల పసుపు తొంగిచూచును. ఇంజనీయర్లు పాత కాంక్రీటును పగులగొట్టి దానిమీద ఫినాల్ఫ్తలీను చుక్కలు వేసి, ఘాటున్న మేర గులాబివన్నె దేరుటను బట్టి లోపలి స్థితిని ఎఱుగుదురు. ఈ మాట మా యింటివారు బడి ప్రయోగశాలనుండి తెచ్చి చెప్పిరి. అప్పుడు మాత్రము రెండు వాక్యములలో ముగింపలేదు. పసుపు ఎండకు వెలిసిపోవును గనుక కొలదిదినముల గుర్తునకు చాలును. నిలుకడగల గుర్తు కావలెనన్నచో జాజే మేలు.

కొలత చెప్పెదము. కిలో పొడికి జాజు ఒక చిన్న చెంచాడు, లేదా ఇనుప ఆక్సైడు అరచెంచాడు చాలును. పొడిని పొడితోనే ముందుగా కలిపి జల్లించి, పిదప నీరు పోయవలెను. నీటిలో రంగు వేసి పిదప పొడి చేర్చినచో చారలు చారలుగా నుండును. తడిమీద రంగు ముదురుగా కనబడి, ఎండిన పిమ్మట సగమునకు దిగును. చూచి భయపడి తగ్గింపవలదు. ఆశపడి పెంచనువలదు. ముదురు చేసినకొలది పైని తెల్లరంగునకు మఱియొక పూత ఎక్కువ పట్టును. గోడకే ముదురు రంగున్నచో ఈ పనియే లేదు. అక్కడ తెల్లలప్పమే తానై కనబడును.

గుంటను పూడ్చుటకు ముందు వదులుగానున్న పెచ్చులు రాల్చి, కుంచెతో దుమ్ము దులిపి, తడి చేయవలెను. లప్పము కాగితపు మందమున పెట్టవలసిన వస్తువు. ఒక చేయికి 1.5 మిల్లీమీటర్లు మించరాదు. బొటనవ్రేలు పట్టు గుంటలలో ముందుగా సున్నము ఇసుక కలిపిన అడుసు కూరి, అది ఎండిన పిదప పైన లప్పము వేయుట క్రమము. ఎండిన తరువాత ఉప్పుకాగితముతో రుద్దునప్పుడు రంగు చేయు మేలు కన్నులార చూడవచ్చును. పూడిన గుంట గులాబివన్నె బొట్టువలె నిలుచును. చుట్టుప్రక్కల పాకిన పలుచని పొర మబ్బుతెరవలె అగపడును. ఆ తెర మాయమై బొట్టు మాత్రము మిగులువఱకు రుద్దవలెను. రాత్రివేళ చేతిఫోనులోని దీపమును గోడకు ఆనించి ప్రక్కవాటుగా చూపినచో మిట్టపల్లములు తెలియును. దీపావళి ప్రమిదలు మాకు చెప్పిన పాఠమును ఇప్పుడు ముందే చదువుకొనుచున్నాము. తరువాత ఆ బొట్లకు మాత్రము ప్రైమరు. అది యారినపిదప గోడకంతకును రంగు.

ఒక్క హెచ్చరిక. పాత యిండ్ల రంగును పొడిగా గీకి ధూళి రేపరాదు. పూర్వపు రంగులలో సీసము కలిసియుండును. ఆ ధూళి పిల్లల మెదడునకు కీడు. ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదని 2016లో కేంద్రప్రభుత్వము నియమము చేయగా, అది 2017 నవంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి పొరలు మన గోడలనుండి ఎక్కడికి పోవును? తడిపి రుద్దవలెను, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను, పసిపిల్లలను ఆ దినము గదిలోనికి రానీయరాదు.

సున్నపు గోడలుగల సోదరీమణులు మఱియొకటి గమనింపవలెను. సున్నపు గోడ తేమను పీల్చి వదలుచుండును. దానిమీద సిమెంటు మెత్తినచో తేమ లోననే చిక్కుకొని, ప్రక్కన ఉప్పు పూసి పూత రాలును. కుతుబ్ షాహీ సమాధులవద్ద 2013లో ఆగా ఖాన్ సంస్థవారు పని మొదలుపెట్టినప్పుడు, గత శతాబ్దములో పూసిన సిమెంటు పొరలను తీసివేసి మరల సున్నపు గచ్చు చేయించిరి. కావున పాత గోడకు జల్లించిన సున్నపుముద్ద, సన్నని చలువరాతి పొడి కలిపిన లప్పమే తగును. జాజు దానిలోను చక్కగా నిలుచును.

ఇంతవఱకు కప్పివేయబోవు మాటులను గూర్చి చెప్పితిమి. కప్పకూడని మాటులు కూడ కలవు. భారతములో లక్కయింటి కథ యెఱుగనిదెవరు? పురోచనుడు వారణావతమున కట్టించిన ఆ యింటి గోడలు కంటికి మెఱయుచునే యుండినవి. ధర్మరాజు వాసన చూచి లోన నేయియు లక్కయు గలవని పోల్చుకొనెను. విదురుని హెచ్చరిక లేకున్న ఆ ముక్కు కూడ మోసపోయెడిదేమో! నున్ననిపూత చూచి మెచ్చునప్పుడెల్ల మాకీ కథ తలపునకు వచ్చును. మా యింటికి అల్లంత దూరమున గోషామహలులో 2022 డిసెంబరు 23వ తేదీ శుక్రవారము సంతనాడు చాక్నావాడి నాలా పైకప్పు కుప్పకూలినది. దుకాణములు, వాహనములు, మనుష్యులు కాలువలో పడి కొందఱు గాయపడిరి. ఆ త్రోవను ముందటి వారమే మేము కూరగాయలకై నడిచియుంటిమి. పైన రోడ్డు, క్రింద మురుగు. నడుమ నేమున్నదో నడచువారికి తెలియదు.

చిత్తరువులను బాగుచేయువారు ఈ సంగతిని ధర్మముగనే పెట్టుకొన్నారు. రోములో 1939లో ఏర్పడిన ఒక సంస్థకు పెద్దయైన చేసరే బ్రాందీ యను పండితుడు, శిథిలమైన కుడ్యచిత్రములో పోయిన భాగమును పూర్వమువలె చిత్రించి చూపరులను భ్రమపెట్టుట తగదనెను. ఆ ఖాళీని సన్నని నిలువు గీతలతో నింపు పద్ధతిని అచటివారు కల్పించిరి. దూరమునుండి చిత్రము నిండుగా నుండును. దగ్గఱకు పోయినచో ఇది పాతది, ఇది క్రొత్తది యని తెలియును. యుద్ధములో బాంబులచే ముక్కలైన విటెర్బో పట్టణపు దేవళపు చిత్రములను అట్లే అతికిరి. 1964లో వెనిసులో కూడిన నిపుణుల ఒప్పందములోని 12వ నిబంధన, చేర్చిన భాగము మొత్తముతో పొందికగా నుండవలెననియు, అయినను మూలమునుండి వేఱని గుర్తింపదగియుండవలెననియు చెప్పుచున్నది. మన గోడలు అజంతా గుహలు కావు. కాని గోడక్రింద పండుకొనువారు మనవారే.

ఇక మంచము కథ. మా వెనుకగది గుమ్మము కుడిమూలనుండి కప్పువైపు ఏటవాలుగా ఒక పగులున్నది. ఏటేట రంగు వేయునప్పుడు దానిని తెల్లలప్పముతో పూడ్చెడివారు. ఏటేట అది మరల కనబడెడిది. “మా తాతలనాటి పగులమ్మా అది, గోడ దిట్టంగున్నది” అని ఇంటి యజమాని యనెడివారు. మేమును కాబోలు ననుకొంటిమి. తెల్లనిపై తెల్లనిది ఎన్నిమాఱులు పూడ్చిరో, ఎప్పటిదెప్పుడు విడినదో చెప్పువారెవరు? ఆ గోడక్రిందనే మా అత్తగారి మంచము. మామగారు ఉస్మాన్‌గంజిలో గుమాస్తాగా నున్న దినములనుండి ఆమె పండుకొను చోటు అదియే. కిటికీనుండి గుడిగంట వినబడునని ఆమెకు ఆ చోటు ప్రాణము.

ఈ ఫాల్గుణములో ఆ పగులును జాజు కలిపిన సున్నపు లప్పముతో పూడ్చి, దానిమీద రంగు వేయవలదంటిమి. ప్రక్కన పెన్సిలుతో తేదీ వ్రాసితిమి. ఇంజనీయర్లు పగులుమీద గాజుబిళ్ళ యతికించి తేదీ వ్రాసి యుంతురట. గోడ కదలినచో గాజు విఱుగును. మాది దానికి పేదచుట్టము. “ఏందమ్మా, గోడకు గాయమైనట్టున్నది. చుట్టాలొస్తే ఏమనుకుంటరు?” అని అత్తగారు నొచ్చుకొనిరి. ఉగాదికి వచ్చిన ఆడుబిడ్డయు అదే అన్నది. రెండు మాసములు మేమును ఆ ఎఱ్ఱచారను చూచి సిగ్గుపడితిమి. వేసవియంతయు అది చెక్కుచెదరలేదు. ఉత్తపుణ్యమునకు గోడ పాడుచేసితిమి గదా యనుకొనుచుంటిమి.

శ్రావణమున వరుసగా నాలుగుదినములు వాన పట్టెను. ఐదవనాటి ఉదయము ఎఱుపు నడుమ తలవెండ్రుకవంటి నల్లగీత కనబడెను. భాద్రపదమునకు అందులో రూపాయి బిళ్ళ అంచు దూరినది. గీత క్రొత్త మాటునే చీల్చినది గనుక, ఇది తాతలనాటిదని యనుటకు ఎవరికిని వీలులేకపోయినది. యజమానిని పిలిచి చూపితిమి. తేదీ చదివిరి, వ్రేలితో తడవిరి, చాలసేపు మాటాడలేదు. ఆయన తీసికొనివచ్చిన ఇంజనీయరు వెనుక సందులో త్రవ్వించి చూడగా, మురుగుగొట్టము పగిలి నీరు పునాదిక్రిందికి పోవుచున్నది. వానకాలమునకు ముందు నగరపాలక సంస్థవారు శిథిల గృహములను లెక్కించి నోటీసులిచ్చుచుందురు. మా యిల్లు ఆ జాబితాలో లేదు. లేకుండుటచేతనే మేము నిశ్చింతగా నుంటిమి.

అత్తగారిని ముందుగదికి రమ్మనుటకు మూడుదినములు పట్టెను. “ఇన్నేండ్లు పడని గోడ ఇప్పుడు పడ్తదా బిడ్డా?” అని ఆమె ప్రశ్న. మా చదువు, వారణావతపు కథ, ఇంజనీయరు మాట ఏదియు ఆమెకు ఎక్కలేదు. కడకు మా చిన్నవాడు ఆమెను చేయిపట్టి తీసికొనిపోయి, ఆ గీతలో రూపాయి బిళ్ళ దూర్చి చూపెను. ఆమె ఏమియు అనక తన దిండును తానే యెత్తుకొని వచ్చిరి.

గొట్టము మార్చిరి. పునాది ప్రక్క మన్ను దిమిసా కొట్టించిరి. పాత మాటును తీసివేసి, క్రొత్తగా జాజులప్పము పెట్టి, క్రొత్త తేదీ వ్రాసితిమి. గోడ కుదుటపడినదో లేదో తెలియుటకు మఱియొక వానకాలము చూడవలెనని ఇంజనీయరు చెప్పెను. మొన్న మేస్త్రి వచ్చి, దసరాకు అన్ని గదులును ఒక్కరంగు చేసెద ననగా, తక్కిన మూడు గోడలకు వేయుమని, దీనిని విడువుమంటిమి. బొమ్మల కొలువు మెట్లు ఈసారి ముందుగదిలో పెట్టుచున్నాము. అత్తగారు ప్రొద్దున లేచి కండ్లద్దములు పెట్టుకొని వెనుకగదికి పోయి ఆ ఎఱ్ఱచారను ఒకసారి చూచి వచ్చుచున్నారు. గుడిగంట వినుటకే పోవుచున్నానని ఆమె చెప్పుదురు.

వచ్చు మాసము కార్తికదీపముల ఒత్తులను గూర్చి వ్రాయుదుము. ద్రవపు నీలపు మచ్చలు పోవుటకు ఉపాయమడిగిన సోదరికి: ఆ చోటిని గీకి తీసివేసి క్రొత్త లప్పము పెట్టుడు, పైన రంగు మీద రంగు వేయుచు పోవలదు.